ఎడంచేతి అక్షరం

ఉదయగిరిలో బోర్డులు రాసే మల్లికార్జునది ఎడంచేతివాటం. వెడల్పాటి కుంచె ఎడమచేత పట్టడం వల్ల, తక్కిన పెయింటర్లకు సన్నగా వచ్చే చోట ఆయన గీత లావుగా వచ్చేది, వాళ్లకు లావుగా వచ్చే చోట వెంట్రుకంత సన్నగా సాగేది. చివర్లలో తోకలూ పువ్వులూ ఉండవు, గీత నున్నగా తెగిపోతుంది. చీరల కొట్టయినా కల్యాణ మండపమయినా, పెద్దగా రాయాల్సిన పేరు ఆయనకే అప్పజెప్పేవారు. ఫోన్ నంబరు మాత్రం ఆ తీరులో రాసేవాడు కాదు. చిన్నగా రాస్తే సన్న గీతలు నాలుగడుగుల దూరానికే కనపడవని, దానికి అంతా ఒకే మందం పెట్టేవాడు.

కోటేశ్వర్ ఆయనతో ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె వదిలేసి ఆత్మకూరులో ప్రింటింగ్ షాపు పెట్టుకున్నాడు. నిరుడు ఒకరోజు బస్సు దిగి వచ్చి, "మనవరాలికి అక్షరాభ్యాసంరా మల్లీ. నీ చేత్తో అక్షరాలన్నీ రాసియ్యి, గోడకు తగిలిస్తాను" అన్నాడు. గుణింతాలు, వత్తులు, అంకెలు కూడా కావాలన్నాడు. పలక పట్టుకోవడమే రాని పిల్లకు వత్తులెందుకని అడగాలని మన అమాయకుడికి తోచలేదు. అక్షరాభ్యాసానికి అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? తానే చార్టులు కొని, మూడు ఆదివారాలు కూర్చుని రాసిచ్చాడు.

ఎండాకాలంలో ఆత్మకూరు బస్టాండు ముందు ఒక పెళ్లి ఫ్లెక్సీ చూశాడు. వధూవరుల పేర్లు తన అక్షరాలే, తాను మాత్రం రాయలేదు. పక్కన ఉన్న కాలేజీ ఫ్లెక్సీ కూడా అంతే. అడుగున ఫోన్ నంబరు సైతం అదే తీరులో కొట్టారు. మూడేదో ఎనిమిదేదో తెలియకుండా ఉంది. 

నేరుగా షాపుకు వెళ్లాడు. కంప్యూటర్లో ఫాంట్ల వరసలో ఆ అక్షరాల పేరు 'కోటేశ్వర్' అని ఉంది.

"అక్షరాభ్యాసమని గదరా రాయించుకున్నావు?"

"అదీ జరిగిందిలే. నువ్వు రాసింది అట్ట మీద. కంప్యూటర్లో ఎక్కించేదానికి ఆర్నెల్లు కష్టపడింది నేను" అన్నాడు కోటేశ్వర్, మౌస్ మీద నుంచి చెయ్యి తీయకుండా.

"అడిగుంటే నేనే ఇచ్చుండేవాణ్ణి గదా."

 కోటేశ్వర్ టీ తెప్పించబోయాడు. మల్లికార్జున తాగకుండానే బస్సెక్కాడు. దారి పొడుగునా ఏడుపొచ్చింది. పరాయివాడు చేసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఇవి ఇరవై ఏళ్లు తన కింద నిచ్చెన పట్టుకున్న చేతులు.

మొన్న ఉదయగిరిలో టైలరింగ్ షాపు తెరిచిన విజయకుమారి షట్టర్ మీద పేరు రాయించుకుంది. వెనక్కి నిలబడి చూసి, "బాగుండాది గానీ అన్నా, ఇది ఆత్మకూరు కోటేశ్వర్ అక్షరం గదా. ఆయనది చూసి దించినారా?" అంది మామూలుగా.

 పని అయ్యాక మూలన చిన్నగా తన పేరు రాసుకోవడం మల్లికార్జున అలవాటు. కుంచెను కుడిచేతిలోకి మార్చుకున్నాడు. అప్పుడే పలక పట్టిన పిల్ల దిద్దినట్టు అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆయన చెరిపేయలేదు. వాటినైతే ఎవరూ కోటేశ్వర్‌వని అనరు.