కట్టమ్మ ఎక్కిన రెండు బస్సులు

కరీమాబాద్‌లో కట్టమ్మ ఉండే సందులోకి కొత్త మనిషి ఎవరు వచ్చినా ముందు ఆమె గుమ్మం దాటాలి. దాటేలోపు ఎవరింటికి వచ్చారు, సంచిలో ఏముంది, వాళ్ల ఊళ్లో వానలు పడ్డాయా లేదా, అన్నీ అడిగి తెలుసుకుంటుంది. ఊరికే అడగడం కాదు, గుర్తు పెట్టుకుంటుంది కూడా. మళ్లీ ఆరునెలలకు కనబడినా "నీ కోడలికి కాన్పయిందా బిడ్డా?" అంటుంది. అవతలి మనిషి సంచి కింద పెట్టి అంతా చెప్పుకోవాల్సిందే.

ఆమె బతుకంతా మిరపకాయల మధ్యే గడిచింది. మార్కెట్ దగ్గరి కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీసే పని. పొద్దున కుప్ప ముందు కూర్చుంటే మళ్లీ పొద్దుగూకాకే లేవడం. ఆ పని మానేసి చాలా కాలమైంది. అయినా ఇప్పటికీ కన్ను దురద పెడితే చేత్తో తుడుచుకోదు, భుజం పైకెత్తి దానికే కన్ను రుద్దుకుంటుంది. ఆ అలవాటుతో పాటు మిరపకాయలు ఆమెకు మిగిల్చింది మోకాళ్ల నొప్పులు. హనుమకొండ దవాఖానలో డాక్టరు చూసి, ఎముకలు బాగానే ఉన్నాయి, కాళ్లలో బలం లేదు, ఎక్సర్‌సైజ్ చెయ్యాలి అన్నాడు. "ఎట్ల చెయ్యాలెనో జర చేసి చూపియ్యి సారూ" అంటే నవ్వి తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఇంతలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. వాడకట్టులో ఆడవాళ్ల కాలు ఇంట్లో నిలవడం మానేసింది. ఎదురింటి మల్లక్క అయితే వేములవాడ పోయింది, యాదగిరిగుట్ట పోయింది, చివరికి వర్ధన్నపేటలో వంకాయలు నవనవలాడుతున్నాయని ఎవరో చెబితే అక్కడికీ పోయి వచ్చింది. కట్టమ్మ మాత్రం కదలలేదు. అడిగితే "బస్సులల్ల మస్తు రష్ అటనే" అనేది.

అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉచితం మొదలైన కొత్తలోనే తొర్రూరులో ఉన్న చెల్లెలు మొగిలమ్మను చూద్దామని ఒకరోజు బయలుదేరింది. బస్సు వచ్చి ఆగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు నేల వదలనంది. పైనుంచి కండక్టర్ రెక్క పట్టి లాగాడు, వెనకనుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు నెట్టారు. చేతిలోని సంచి జారి చెల్లెలికని చేసిన సకినాలు రోడ్డు మీద పడ్డాయి. లోపల ఎవరో "లోడెక్కుతాంది, జర జరుగుర్రి" అన్నారు. బస్సంతా నవ్వింది. కట్టమ్మ ఆ ఒక్క కాలు కూడా దించుకుని ఇంటికి తిరిగి వచ్చింది.

మార్కెట్‌లో హమాలీ పని చేసే కొడుకు యాకయ్య, ఆటో కిరాయికి మాట్లాడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఊరంత పుణ్యానికి పోయొత్తాంటే నేను కిరాయి వెట్టుకోని పోవాల్నారా?" అంది.

మొగిలమ్మ ఫోన్లు మాత్రం ఆగలేదు. "అక్కా, నా మీద ఏమన్న కోపమానే? బస్సు ఫ్రీ అయినంక గూడ రావైతివి" అనేది.

"ఫ్రీ నీకు లేదా? నువ్వే రారాదు?" అనేది కట్టమ్మ.

"నాకు బర్రెలున్నయి గదక్కా. ఇడిసిపెట్టి ఎట్లత్త?"

"అయితే నీ బర్రెలతోనే ఉండు."

అలా ఫోన్లు పొట్టివవుతూ వచ్చాయి. ఇన్నేళ్లలో ఆ అక్కాచెల్లెళ్ల మధ్య ఒక్క పెడమాట లేదు. ఇప్పుడు కాలు లేవకపోవడం కోపం కింద లెక్క పడుతోంది. నిజం చెబుదామా అంటే, చిన్నప్పుడు చెల్లెలిని నడుము మీద వేసుకుని పెంచింది తనే. ఆ చెల్లెలికి "నాకు బస్సెక్కరాదే" అని ఎలా చెప్పుకుంటుంది?

అలాంటి రోజుల్లో ఆమె ఇంటి గోడ పక్కన కట్టిన కొత్త బిల్డింగులో, పై అంతస్తులో అనిల్ జిమ్ పెట్టాడు. అతని భార్య దీప కాలేజీలో కబడ్డీ ఆడిన పిల్ల. జిమ్‌లో సగం పని ఆమెదే. పొద్దున, సాయంత్రం కుర్రాళ్లతో కిటకిటలాడేది. వాళ్లు బరువులు దించినప్పుడల్లా కట్టమ్మ ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. ఒకరోజు అరలోని ఇత్తడి చెంబు దొర్లి కింద పడింది. కట్టమ్మ ఆ చెంబు పట్టుకునే వెళ్లి మెట్ల కింద నిలబడి కేకేసింది.

"ఓ పొల్లా! పైన ఏం పడేత్తాన్రే? నా ఇంట్ల చెంబులన్ని దునుకుతానయ్!"

దీప కిందికి దిగి వచ్చింది. "బరువులవ్వా. ఎత్తి దించుతరు."

"ఎత్తి ఏడ పెడుతరు?"

"మళ్ల ఆడ్నే పెడుతరు."

"ఆడ్నే పెట్టేదానికి ఎత్తుడెందుకు? మా యాకయ్య గూడ ఎత్తుతడు. గని లారీల పెడుతడు."

దీప నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూర్చుండిపోయింది. నవ్వే పిల్ల మీద ఎంతసేపని కోపం ఉంటుంది? కట్టమ్మ చెంబు చంకలో పెట్టుకుని అలవాటు ప్రకారం ఆరా మొదలుపెట్టింది. మీదే ఊరు, పెండ్లయి ఎన్నాళ్లు, ఆడపిల్లవు నీకీ పనేంది, ఒకదాని వెంట ఒకటి. చివరికి దీప తన గోడు చెప్పుకుంది. ఆడవాళ్ల కోసం మధ్యాహ్నం బ్యాచ్ పెట్టారు, ఫ్లెక్సీ కట్టారు, ఒక్కరూ రాలేదు.

కట్టమ్మ తలెత్తి ఫ్లెక్సీ చూసింది. చొక్కా లేని మొగవాడు కండలు బిగించి నిలబడ్డాడు. పక్కన పెద్ద అక్షరాల్లో బరువు తగ్గండి అని ఉంది.

"వాని ముంగటికెల్లి ఏ ఆడిది పైకెక్కుతది? ఇగ నేను బరువు తగ్గితె గాలికి కొట్టుకపోత. అయినా నీ జిమ్ముకు రావాల్నంటే ముందుగాల గిన్ని మెట్లెక్కాలె. మెట్లెక్కే కాళ్లే ఉంటే నీతోని నాకేం పనే?"

దీప మెట్ల వంక చూసింది. రోజూ పరుగెత్తి ఎక్కే మెట్లే. కట్టమ్మ వైపు తిరిగి అడిగింది. "మరి నీకేం కావాలెనవ్వా?"

కట్టమ్మ తడబడింది. అడిగేది ఎప్పుడూ తను, చెప్పేది ఎదుటివాళ్లు. ఈ పిల్ల అడ్డంగా తిప్పి తననే అడిగింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నాకు బస్సెక్కాలె బిడ్డా. ఎవ్వలు లాగద్దు, ఎవ్వలు నూకద్దు."

దీప ఆ మాట పైకి పోయి మొగుడితో చెప్పింది. మధ్యాహ్నం పూట కుర్రాళ్లు రారు కాబట్టి కింద బండ్లు పెట్టే పార్కింగ్ ఖాళీగా ఉంటుంది, క్లాసు అక్కడ పెడదాం అంది. "పార్కింగ్‌ల జిమ్మేందే? నవ్వుతరు" అన్నాడు అనిల్. దీప అతని మాట పట్టించుకోకుండా మరుసటి రోజే కింద జంపఖానా పరిచింది. ఫ్లెక్సీ మీది మొగవాణ్ణి చుట్టి మూలకు పెట్టించింది.

మనుషులను తెచ్చే పని కట్టమ్మ తీసుకుంది. ఎవరికి నడుము నొప్పి, ఎవరికి భుజం పట్టేసింది అన్నది ఆ వాడకట్టులో ఆమెకు తెలిసినట్టు ఏ డాక్టరుకూ తెలియదు. చీర కొంగులు బొడ్లో దోపుకుని ఆడవాళ్లు వచ్చారు. దీప మొదట ఏ మిషనూ చూపించలేదు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి, చేతులు ఆనించకుండా కూర్చోండి, లేవండి అంది.

మల్లక్కకు నచ్చలేదు. "కుర్చీల కూసుండి లేసుడు గూడ ఎక్సర్‌సైజేనా? గట్లయితే మన లీడర్లంత పహిల్వాన్లే గావాలె."

"వాళ్లు కూసుంటరు గని లేవరక్కా" అంది దీప.

కుర్చీల తర్వాత ఇటుకలు వచ్చాయి. ఇటుక మీద ఎక్కడం, దిగడం. కొన్నాళ్లకు దీప ఇటుక మీద ఇటుక పెట్టి "గింత ఎక్కితే బస్సెక్కినట్టే" అంది. కాదు, బస్సు మెట్టు ఇంకా ఎత్తు అని కట్టమ్మ. దీపకు స్కూటీ తప్ప బస్సు అలవాటు లేదు. వాదన తెగలేదు. కట్టమ్మ చేతికర్ర పట్టుకుని నేరుగా బస్‌స్టాపుకు పోయింది. బస్సు ఆగగానే కర్రను మెట్టు పక్కన నిలబెట్టి వంగి చూస్తోంది.

"ఎక్కుతానవా అవ్వా, ఎక్కవా?" కండక్టర్ అరిచాడు.

"ఎక్కను బిడ్డా. కొలుచుకుంటాన. జర ఆగు."

"బస్సును కొంటవా ఏంది?"

"ధర చెప్పు, సూద్దాం" అంటూ కొంగులోంచి ఎర్ర గుడ్డపేలిక తీసి కర్రకు మెట్టు ఎత్తున ముడి వేసింది. బస్సు వెళ్లిపోయింది.

ఆ కర్ర తెచ్చి ఇటుకల పక్కన నిలబెడితే దీప మొహం చిన్నబోయింది. ఇటుకలు ముడికి సగంలోనే ఉన్నాయి. అనిల్ పైనుంచి చూస్తున్నాడు. దిగి వచ్చి ఆ కర్ర అడిగి తీసుకుపోయాడు. కొద్ది రోజుల తర్వాత తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప మెట్టు ట్రాలీలో తెచ్చి దింపాడు. అచ్చం బస్సు మెట్టే. పట్టుకోవడానికి పక్కన నిలువు రాడ్డు కూడా ఉంది. "ఇటుకలు జారి ఎవరన్న పడితే నా జిమ్ము పేరు పోతది" అని గొణుక్కుంటూ పైకి పోయాడు. మెట్టుకు పసుపు పచ్చ రంగు కూడా వేయించి ఉండడం అందరూ చూశారు.

కట్టమ్మకు ఆ మెట్టును చూసిన కాడినుంచి ఓపిక నిలవలేదు. దీప ఇంకా ఇటుకల మీదే చేయమంటుంటే, ఎవరూ చూడకుండా ఇంట్లో నీళ్ల గోళెం గద్దె మీదికి ఎక్కబోయింది. మోకాలు కలుక్కుమంది. వాచింది. మంచం పట్టింది. సరిగ్గా అప్పుడే మొగిలమ్మ ఫోన్ చేసి, "ఇగ నిన్ను రమ్మని అడుగనక్కా. నీకు రాబుద్ధైతే రా" అని పెట్టేసింది. కట్టమ్మ ఫోను దిండు కింద పెట్టింది. భుజానికి కన్ను రుద్దుకుంది. కారం పడిన కన్ను కాదు మరి.

దీప ఇంటికే వచ్చింది. "ఎవ్వలు ఎక్కుమన్నరు నిన్ను? నేను చెప్పిన్నా?" అని తిట్టింది. తిట్టి, వాపు తగ్గేదాకా రోజూ వచ్చి మంచం మీదే కాలు చాపించి, మడిపించి, కాసేపు కూర్చుని పోయేది. తగ్గాక కుర్చీ దగ్గర మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించింది. ఈసారి కట్టమ్మ ఆమె చెప్పినంతే చేసింది.

పార్కింగ్‌లో సందడి పెరిగింది. పక్క వీధుల నుంచి కూడా వచ్చేవాళ్లు. మధ్యాహ్నం కింద ఉన్నంత మంది సాయంత్రం పైన ఉండరని అనిల్ తనే ఒప్పుకున్నాడు. ఇనుప మెట్టు దగ్గర మల్లక్క కండక్టర్ వేషం కట్టేది. "ఆధార్ కార్డ్ చూపియ్యుర్రి! దిగేటోళ్లు దిగినంకనే ఎక్కుర్రి! రైట్ రైట్!" అని ఆమె అరుస్తుంటే ఒక్కొక్కరే ఎక్కి దిగేవాళ్లు. దిగడం కూడా నేర్పాలని దీప పట్టు. ఎక్కడం కంటే దిగడమే గట్టి పని అనేది. ఒకరోజు కట్టమ్మ రాడ్డు పట్టుకుని కాలు పెట్టింది. రెండో కాలు దానంతట అదే వచ్చి పక్కన నిలబడింది. మల్లక్క రైట్ రైట్ అనడం మరిచిపోయింది.

తొర్రూరుకు తోడు వస్తానని దీప అంది. కట్టమ్మ వద్దంది. చెల్లెలికి ఫోన్ కూడా చేయలేదు. మళ్లీ సకినాలు చేసి, సంచికి గట్టి ముడి వేసి, ఒక్కతే షేర్ ఆటోలో బస్టాండుకు పోయింది.

బస్సు వచ్చి ఆగింది. కట్టమ్మ మెట్టు తప్ప ఇంకేమీ చూడలేదు. రాడ్డు పట్టింది. ఒక కాలు. రెండో కాలు. పైన ఉంది! ఎవరూ లాగలేదు, ఎవరూ నెట్టలేదు. వెనక ఎక్కుతున్న ఆమె "జరుగవ్వా" అంటే అప్పుడు జరిగింది. సీట్లు నిండి ఉన్నాయి. రాడ్డు పట్టుకుని నిలబడి, పెండ్లిలో మొదటి పంక్తికి కూర్చున్నంత సంబరంగా అందరి మొహాలూ చూసింది. బస్సు కదిలింది. కండక్టర్ వచ్చాడు.

"యాడికవ్వా?"

"తొర్రూరు" అంది గర్వంగా, ఆధార్ కార్డు చాపుతూ.

"ఇది నర్సంపేట పోతదవ్వా! బోర్డు సూసుకోవా?"

బస్సంతా నవ్వింది. కట్టమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. "మెట్టు సూసిన గని బోర్డు సూడలే బిడ్డా. ఆపు, దిగుత. నాకు దిగుడు గూడ వచ్చు." బస్సు ఆగింది. రాడ్డు పట్టుకుని నింపాదిగా దిగింది. వెనక్కి నడిచి బస్టాండుకు వచ్చి, బోర్డు ఎదురుగా నిలబడి చదివి, పక్కవాళ్లనూ అడిగి, తొర్రూరు బస్సెక్కింది. ఈసారి సీటు కూడా దొరికింది.

మొగిలమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అక్కను చూసి చాట అక్కడే వదిలి, గోడ పట్టుకుని, నడుము పట్టుకుని, మళ్లీ గోడ పట్టుకుని లేచింది. "అక్కా! గిన్నొద్దులకు వచ్చినవా!" అని మెడ చుట్టూ చేతులు వేసింది. "ఎవ్వలు లాగకుంట, ఎవ్వలు నూకకుంట ఎక్కిన. ఒక్క బస్సు గాదు, రెండు బస్సులెక్కిన" అంటూ కట్టమ్మ మొదలుపెట్టి రోడ్డు మీద పడ్డ సకినాల నుంచి నర్సంపేట బస్సు దాకా అంతా చెప్పింది. మొగిలమ్మ ఎప్పుడు నవ్వాలో అప్పుడు నవ్వింది గానీ, మధ్యలో తల వంచుకుంది.

కట్టమ్మకు ఆరా తీయనిదే ఊరుకోబుద్ధి కాదు. ఇల్లంతా కలియజూసి పెరట్లోకి పోయింది. కొట్టంలో బర్రెల జాడ లేదు. పేడ వాసన కూడా లేదు. తాడు మేకుకు వేలాడుతోంది.

"బర్రెలేవే?"

"అమ్మినం."

"ఎప్పుడు?"

"పోయినేడు."

"మరి ఫోన్ల బర్రెలు బర్రెలని నా పానం తీత్తివి?"

మొగిలమ్మ కొట్టం స్తంభం మీద చేయి వేసి నిలబడింది. వేలాడే తాడు వంక చూస్తూ అంది. "బస్సు మెట్టు ఎత్తుంటదక్కా."

కట్టమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. కళ్లలో నీళ్లు వస్తే భుజానికి రుద్దుకుంది. మొగిలమ్మ కూడా నవ్వుతూ స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. నవ్వు తగ్గాక కట్టమ్మ కొంగు బొడ్లో దోపుకుని పెరడంతా కళ్లతో వెతికింది.

"ఇంట్ల కుర్చీ ఉన్నదా? నాలుగు ఇటుకలు? పా, ముందుగాల కుర్చీ తీసుకరా. గా స్తంభాన్ని ఇడిసిపెట్టు, అది యాడికి పోదు."