మావ లారీకి రాగి రేకు

ఆ రోజుల్లో కాలేజీలో సైన్సు చదివినవాడు బాగుచెయ్యలేని వస్తువు లోకంలో ఉండదని మా చుట్టాలందరి నమ్మకం. గడియారం ఆగినా, గ్రామఫోను గొంతు పోయినా, ఒకసారి గేదె పాలు తగ్గించినా నన్నే పిలిచారు. (గేదె విషయంలో మర్యాదగా తప్పుకున్నాను.) ఆ నమ్మకం నాకూ కొంత అంటుకుని ఉండాలి. లేకపోతే విజయనగరంలో చదువు ముగించుకుని, ఉద్యోగం దొరికేలోపు శ్రీకాకుళంలో గోగునార వ్యాపారం చేసే మా మేనమావ దగ్గరికి వెళ్లి, "లారీ సంగతి నేను చూస్తాను మావా" అని ఎందుకంటాను?

అది యుద్ధం చూసివచ్చిన లారీ. మిలటరీవాళ్లు వేలం వేస్తే మావ పాడుకున్నాడు. ఆ పచ్చరంగు చూసి నార అమ్మే రైతులు దడుచుకుంటున్నారని, పండగలకు రథాలకు రంగులేసే, ఊరంతా తాత అని పిలిచే ముసలాయన్ని పిలిపించి, పైనా కిందా, మనిషి కన్ను పడని చోట కూడా ఎర్రగా పూయించాడు. చూడడానికి బాగానే ఉండేది, దీపాలు వేసేవరకు. వేస్తే అవి మినుకుమనేవి. ఆపైన హారను నొక్కితే అవీ ఆరిపోయి, జలుబు చేసిన మేకలా ఒక్క కూత వినబడేది. అందుకని పొద్దు వాలేసరికి లారీ ఎక్కడుంటే అక్కడే ఆగిపోయేది, మిల్లుకు సరుకు ఆలస్యంగా చేరేది, మావ నా వైపు చూసేవాడు. ఆ చూపుకు అర్థం ఉంది. మరదల్ని నాకిస్తారని చిన్నప్పటినుంచీ అనుకుంటున్నదే అయినా, ఈమధ్య పార్వతీపురం గుమాస్తా సంబంధం ఒకటి ఆ ఇంటి చుట్టూ తిరుగుతోంది.

"దసరా లోపల దీపాలెలగాల అల్లుడా," అన్నాడు మావ. "లారీకే దీపం ఎట్టనేనోడు సంసారం ఏటి సేస్తాడని మీ అత్త అడగతన్నాది. నేనడగట్నేదు. మీ అత్త." (అత్త ఆ మాట అననే లేదని మరదలు తలుపుచాటునుంచి చెప్పింది.)

జబ్బు తొందరగానే దొరికింది. లారీలో బ్యాటరీనుంచి దీపాలకు కరెంటు తీగలో వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం లారీ ఇనుమే దారి. బ్యాటరీ రెండో తీగను ఆ ఇనుముకు బోల్టుతో బిగిస్తారు. మన బోల్టు కింద ఇనుము లేదు, రంగుంది. చాకుతో తళతళలాడేదాకా గీకి బిగించాను. దీపాలు భగ్గుమన్నాయి. ఆ పూట అత్త నాకు అడక్కుండానే మారు వడ్డించింది.

వారం తిరక్కుండా దీపాలు మళ్లీ మినుకుమన్నాయి. బోల్టు బిగుతుగానే ఉంది. తీగలు మార్చాను, బల్బులు మార్చాను, బ్యాటరీలో యాసిడ్ పోయించాను, నన్ను నేను పుస్తకాల్లో లేని మాటలతో తిట్టుకున్నాను. చివరికి బోల్టు విప్పితే కింద మళ్లీ ఎర్రరంగు. గీకాను, వెలిగాయి. కొన్నాళ్లకు మళ్లీ ఆరాయి. ఇనుముకు రంగు మొలుస్తుందని ఏ మేష్టారూ నాకు చెప్పలేదు.

ఒకనాడు పొద్దున్నే షెడ్డుకు వెళితే తాత లారీ కింద పడుకుని బోల్టు విప్పుతున్నాడు. మావ పక్కనే గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూపిస్తున్నాడు. "ఇక్కడ కూడా ఒక సెయ్యి ఎయ్యి తాతా. ఎవుడో మళ్లీ గీరీసినాడు."

"గీరింది నేనే మావా," అన్నాను.

"నువ్వా? బంగారంలాటి లారీకి గాటెట్టీసినావా?"

"ఆ రంగువల్లే దీపాలు ఆరిపోతున్నాయి."

"రంగెయ్యకపోతే తుప్పట్టదేటి?"

"బోల్టు కింద వదిలీసి పూస్తే అది పనే కాదు బాబూ," అన్నాడు లారీ కిందనుంచి తాత, నొచ్చుకుని. "రథానికైనా అంతే."

కరెంటు గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక తాత బ్రష్షు ముంచాడు.

ఇక లాభం లేదని, దసరా ముందురోజు ఇత్తడి సామాన్ల కొట్లో చిన్న రాగి రేకు కొని, ఇనుము గీకి, రేకు పెట్టి, దానిమీద తీగ బిగించడానికి కూర్చున్నాను. రాగి మీద తీగ బాగా ఆనుతుందని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. మావ వచ్చి వంగి చూశాడు.

"ఇదేటిరా?"

"రాగి రేకు. దీన్ని ముట్టుకోకూడదు మావా. రంగు అసలు తగలకూడదు," అని, నట్టు పెదాల మధ్య పట్టుకుని బోల్టు దూరుస్తున్నాను.

మావ గొంతు తగ్గించాడు. "శ్రీకూర్మం గుడి యంత్రమా?"

నట్టు తీసి జవాబు చెప్పేలోగా ఆయన చెప్పులు విడిచేశాడు.

ఆ తర్వాత లారీ దీపాలు మళ్లీ మినుకుమనలేదు. తాతకు ఆ మూల నిషేధం. శుక్రవారం శుక్రవారం రేకు చుట్టూ పసుపు, కుంకం. గుమాస్తా సంబంధం పార్వతీపురం వెళ్లిపోయింది. పెళ్లిలో మావ నన్ను అందరికీ "ఆ రేకు తెచ్చినోడు" అని చూపించాడు. కాలేజీ ఊసెత్తలేదు.

మొన్న మా ఇంట్లో దీపాలు మినుకుమంటుంటే స్టూలెక్కి ఫ్యూజు పెట్టె విప్పుతున్నాను. మా ఆవిడ కుంకం భరిణెతో వచ్చి, పెట్టె అంచున చిన్న బొట్టు పెట్టి, "ఇప్పుడు సూడండి," అంది. కాలేజీనుంచి వచ్చిన ఆ కుర్రాడే అయితే ఆవిణ్ని కూర్చోబెట్టి కరెంటు గురించి మొదటినుంచీ చెప్పేవాడు. నేను జేబులోంచి ఒక స్క్రూ తీసి, పెదాల మధ్య పెట్టుకున్నాను.