వాన మీద అతికించిన సూచిక

ఇప్పుడు కంప్యూటరులో గణాంకాల ప్రోగ్రాము తెరిచి ఒక్క వాక్యం రాస్తే చాలు, గ్రాఫులోని సూచిక పెట్టె ఏ మూల చెబితే ఆ మూలకు పోయి కూర్చుంటుంది. నచ్చకపోతే ఇంకో మూలకు పొమ్మనవచ్చు. నా కాలంలో దాన్ని చేత్తో గీసేవాళ్ళం, నేనైతే ప్రాణం పెట్టి గీసేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఆదోనిలో ఒక సర్కారు ఆఫీసులో లెక్కల గుమాస్తాగా ఉండేవాణ్ణి. గ్రాఫు ఎవరైనా గీస్తారు. ఏ రంగు గీత ఏ ఊరిదో చెప్పే ఆ చిన్న పెట్టెను మాత్రం నాలా గీసేవాడు కర్నూలు దాకా లేడని నా నమ్మకం. ఆ మాట ఎవరూ అనలేదు. నేనే అనుకునేవాణ్ణి, రోజుకు రెండు పూటలా.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చి, మూడు ప్రాంతాల వానలూ చూసి, ఏదో ఒక్క చోట మాత్రం కరువు పనులు మొదలుపెట్టిస్తారని కబురొచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద, మూడింటినీ ఒకే చార్టు మీద గీయమన్నారు. ఆదోనికి ఎరుపు, ఎమ్మిగనూరుకు ఆకుపచ్చ, హొళగుందకు నీలం ఇచ్చాను.

ముందురోజు మధ్యాహ్నం నేను గీస్తుంటే హొళగుంద రైతు ఒకాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మా నాన్న వయసుంటుంది. మర్నాడు ఆఫీసరుకు మొర పెట్టుకోవడానికి ఒక రోజు ముందే వచ్చి బస్సు దిగాడు. వేసిన వేరుశెనగ పూత మీదే మాడిపోయిందట, ఎద్దులను అమ్మేశారట.

"పనులొస్తే ఈడే ఉంటాము. రాకుంటే వీధికి వీధి బీగాలేసుకొని పోవాల్సిందేనప్పా" అన్నాడు.

అయ్యో అన్నాను. అంటూనే సూచిక అంచుకు లతలు చుడుతున్నాను. విడి అట్టముక్క, నల్ల సిరా, నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు.

"బాగుందప్పా, తేరు మాదిరుంది. మా ఊరు యాడుంది ఇందులో?"

నీలం గుర్తు పక్కన రాసిన పేరు చూపించాను. ఆయన దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు. నాకు ఛాతీ ఉబ్బింది.

చిక్కేమిటంటే, నెమళ్ళ వల్ల పెట్టె అనుకున్నదానికన్నా పెద్దదైంది. పైన ఎక్కడ పెడదామన్నా ఎరుపూ ఆకుపచ్చా గీతలు అడ్డొస్తున్నాయి. కింద కుడి మూల మాత్రం నీలం గీత ఒక్కటే అడుగుకు ఆనుకుని పడుకుని ఉంది. అది కాస్త కనబడకపోతే ఏం కొంప మునుగుతుందిలే అనుకుని, మైదా జిగురు దట్టంగా పూసి అక్కడే అతికించాను. నెమళ్ళను కత్తిరించడానికి మనసొప్పలేదు.

మర్నాడు ఆఫీసరు గోడకు తగిలించిన చార్టు ముందు నిలబడ్డారు. నెమళ్ళ వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"హొళగుందకు జూన్, జూలైలో బాగానే పడిందే. తర్వాత గీతే లేదు. లెక్క తీయలేదా? లెక్క లేని చోటికి పనులెట్లా ఇస్తాం? ఎమ్మిగనూరు వైపు రాసుకోండి" అన్నారు.

వెనక బెంచీ మీది రైతు లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు.

"గీత ఉంది సార్. సూచిక కింద ఉంది" అన్నాను.

"కింద అంటే?"

ఎట్లా చెప్పేది? గోటితో అంచు పట్టుకుని లాగాను. పనితనంలో నా జిగురు నన్ను మించింది. పెట్టె ఊడింది కానీ చార్టును చింపుకుని మరీ ఊడింది. ఆగస్టూ సెప్టెంబరూ అక్టోబరూ నెమళ్ళ వీపుకు అంటుకుని నా చేతికొచ్చాయి. హొళగుంద గీత ఉండాల్సిన చోట జానెడు బొక్క, అందులోంచి సున్నం కొట్టిన గోడ కనబడుతున్నాయి. ఇక నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను.

రైతు మెల్లగా ముందుకొచ్చి ఆ బొక్కలో వేలు పెట్టాడు.

"ఇప్పుడు సరిగ్గుంది సార్. ఆ మూణ్ణెల్లూ మాకు వచ్చింది ఇదే" అన్నాడు.

ఆఫీసరు నవ్వలేదు. వాన రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆ నెలల దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, ఎమ్మిగనూరు కొట్టేసి హొళగుంద అని రాయించారు.

అట్టముక్క చేత పట్టుకుని నేను గుమ్మం పక్కన దిష్టిబొమ్మలా నిలబడి ఉంటే, రైతు బయటికి పోతూ నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నెమిళ్ళు బాగుండాయప్పా. అయితే ఇంకో తూరి పెట్టేటప్పుడు వాన పడిన సోట పెట్టు. మా సోట వద్దు" అన్నాడు.