బెర్లిన్‌లో భోజనానికి పిలిచిన పెద్దాయన

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ అంటే ఒప్పుకోను గానీ, రాసేటప్పుడు ఒప్పుకోవచ్చు. రెండు రోజులు బెర్లిన్ చూసొద్దామని బయలుదేరినప్పుడు నా చొక్కా లోపల ఒక గుడ్డ సంచి, అందులో ఇద్దరి పాస్‌పోర్టులు. స్టుట్‌గార్ట్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి దాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

"అలా తడిమి తడిమి ఎక్కడుందో దొంగకి మీరే చూపిస్తున్నారు," అంది మా ఆవిడ.

స్టుట్‌గార్ట్ పక్కనున్న బ్యోబ్లింగెన్‌లో మేము కాపురం పెట్టి నాలుగేళ్ళు. నేను ఆఫీసుకి, ఆమె జర్మన్ క్లాసుకి. మొదట్లో ఒక తెలుగు జంట మాకు బాగా దగ్గరయ్యారు. కొట్లో కందిపప్పు దగ్గర పలకరించి, మూడుసార్లు ఇంటికి పిలిచి భోజనం పెట్టారు. మూడోసారి పాయసం తినగానే లాప్‌టాప్ తెరిచారు. గొలుసు వ్యాపారం. మేము చేరాలి, మా కింద ఇద్దరిని చేర్చాలి, వాళ్ళ కింద నలుగురు చేరాలి. నేను నోటికొచ్చినట్టు అరిచి వచ్చేశాను. ఆనాటి నుంచి ఈ దేశంలో తెలుగులో నవ్వుతూ పలకరించేవాడెవడైనా నా దృష్టిలో సంచిలో లాప్‌టాప్ దాచుకున్నవాడే. మూడేళ్ళుగా మా ఇంటికి ఎవరినీ రానివ్వలేదు, మేము ఎవరింటికీ వెళ్ళలేదు. దీనివల్ల మా ఆవిడ ఎంత ఒంటరిదైపోతోందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

రైల్లో ఆమె ఒకటే అడిగింది. "ఈ రెండ్రోజులూ ఎవర్నీ అనుమానించకండి. వెళ్ళి కూర్చుని కాసేపు తెలుగులో మాట్లాడుకోడానికి నాకో ఇల్లు కావాలి. ఒక్కటంటే ఒక్కటి. మీతో ఇలా తిరిగితే జన్మలో దొరకదు."

సరేనన్నాను. ఆ సరే బ్రాండెన్‌బుర్గ్ గేటు దాకా నిలిచింది.

గేటు ముందు అట్టలు పట్టుకుని సంతకం పెట్టమని తిరిగే అమ్మాయిల నుంచి ఆమెను పక్కకి లాగాను. పగలగొట్టిన బెర్లిన్ గోడ ముక్కలని ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతుంటే, ఇన్నేళ్ళుగా అమ్ముతున్నా తరగలేదంటే అదెంత గోడో అన్నాను. ఆమె నవ్వింది. అప్పుడే గమనించాను, మా వెనక ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. బూడిదరంగు కోటు, మెడకు ఉన్ని మఫ్లరు. గేటు వైపు చూడటం లేదు. మా మాటలు వింటున్నాడు.

మేము పక్కకి జరిగితే ఆయనా జరిగాడు. ఆయన చూపు మా ఆవిడ మెడ మీద ఆగింది. నల్లపూసలు. అక్కడి నుంచి కాళ్ళ మీదికి దిగింది. బూట్లు కరుస్తున్నాయని ఆమె గట్టు మీద కూర్చుని బూటూ మేజోడూ విప్పి కాలు నొక్కుకుంటోంది. ఆయన ఆ కాలి మెట్టెల వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"తెలుగువాళ్ళేనామ్మా?"

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఐదు నిమిషాల్లో ఆయన మా ఊరు, మా పెళ్ళయి ఎన్నేళ్ళయింది, అన్నీ తెలుసుకున్నాడు. తనది కాకినాడ అట. ఇంజనీరుగా వచ్చి నలభై ఏళ్ళు దాటిందట. ఇల్లు ఈ ఊళ్ళోనే, స్టెగ్లిట్స్ పేటలో. ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారని నేను అడిగితే, వినపడనట్టు మఫ్లరు సర్దుకున్నాడు.

"రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రావాలి. ఇద్దరూ కలిసి రావాలి. ఒంటిగంట దాటకూడదమ్మా."

"తప్పకుండా వస్తాం అంకుల్," అనేసింది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రమంతా నేను ఆ పెద్దాయన గురించే వాదించాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఇంటికి ఎందుకు పిలుస్తాడు? ఇద్దరూ కలిసే రావాలని ఎందుకు పట్టు? వ్యాపారం వాళ్ళు కూడా జంటగానే రమ్మంటారు, ఎందుకంటే ఒక్కడొస్తే ఇంట్లో అడిగి చెప్తానని తప్పించుకుంటాడు. ఒంటిగంట దాటితే ఏమవుతుంది?

"అన్నం చల్లారిపోతుంది," అంది మా ఆవిడ. "మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను."

మర్నాడు పన్నెండున్నరకి ఆయన తలుపు తీశాడు. తెల్ల పంచె, పైన స్వెటరు. మా ఆవిడకి కాళ్ళు కడుక్కోమని గోరువెచ్చటి నీళ్ళు చూపించాడు. బల్ల మీద రెండే కంచాలు. నేను మామూలుగా అందరూ చూసేవి చూడలేదు. పుస్తకాల అర చూశాను, కరపత్రాలున్నాయేమోనని. టీవీ చూశాను, దానికి లాప్‌టాప్ తీగ ఏమైనా కలిపి ఉందేమోనని. సోఫా మీద మడత విప్పని కొత్త చీర, రవికల గుడ్డ కనిపించాయి. ఆ గొలుసు వ్యాపారం జంట కూడా లాప్‌టాప్ తెరిచేముందు మా ఆవిడ చేతిలో ఒక కానుక పెట్టారు.

వంటంతా ఆయనే చేశాడట. గారెలు, అల్లం పచ్చడి, అరటికాయ కూర, పెసరపప్పు, నువ్వుల పచ్చడి, పరమాన్నం. వెల్లుల్లి వాసన ఎక్కడా లేదు. మా ఆవిడ మూడో గారె కూడా వేయించుకుంది. ఆమె అంత ఇష్టంగా తినడం నేను చూసి చాలాకాలమైంది. మాట్లాడుతూనే ఉంది. క్లాసులో టీచరు తన పేరు పలకలేక పడే పాట్లు, బాల్కనీలో కరివేపాకు మొక్క చలికి చచ్చిపోవడం, అన్నీ చెప్పింది. ఆయన నిలబడి వడ్డిస్తూ నవ్వుతున్నాడు.

"మీరూ కూర్చోండి అంకుల్."

"మీరు తిన్నాక తింటానమ్మా."

ఎందుకు తినడు? నేను పప్పు వేలితో తాకి వాసన చూశాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ చూశాను.

ఆయన రెండుసార్లు గడియారం చూశాడు. మూడుసార్లు "తృప్తిగా తిన్నారా?" అని అడిగాడు. మేము చేతులు కడుక్కుని రాగానే, ఒక పళ్ళెంలో చీర, రవికల గుడ్డ, పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టి మా ఆవిడ ముందుకి తెచ్చాడు.

"కాదనకుండా తీసుకోవాలమ్మా."

ఆమె చేతులు చాచింది. నేను ఆ పళ్ళేన్ని మధ్యలోనే పట్టుకున్నాను.

"ఏ కంపెనీ అంకుల్ మీది?"

"కంపెనీ ఏంటి బాబూ?"

"మాకు తెలుసు. ఇలాంటివి చూసేశాం. మొదట భోజనం, తర్వాత కానుక, ఆ తర్వాత మా కింద ఇద్దరిని చేర్చమంటారు. నిన్నంతా మా వెనకే తిరిగారు. మా ఆవిడ మెడా కాళ్ళూ చూశారు. ఏదో దాస్తున్నారు మీరు. పెద్దవారు, మీకిదేం బుద్ధి?"

మా ఆవిడ నా పేరు పెట్టి పిలిచింది. ఆమె అలా ఎప్పుడూ పిలవదు.

ఆయన పళ్ళెం వదల్లేదు. "దాచిన మాట నిజమే బాబూ," అన్నాడు. "ఇవాళ మా ఆవిడ తద్దినం."

నేను పళ్ళెం వదిలేశాను.

"ఆరేళ్ళయింది పోయి. పుణ్యస్త్రీగా పోయింది. ఇక్కడ మంత్రం చెప్పేవాళ్ళు లేరు, నాకూ రాదు. ఒక ముత్తైదువని పిలిచి కడుపు నిండా పెట్టి చీర పెట్టడం, అదొక్కటే నాకు తెలుసు. ఇన్నేళ్ళూ పై వీధి నుంచి ఒక తెలుగమ్మాయి వచ్చేది. ఈమధ్యే వాళ్ళు ఊరు మారిపోయారు. ఇద్దరు ముగ్గురిని అడిగాను. తద్దినం భోజనమంటే మాకొద్దన్నారు. అందుకని నిన్నా మొన్నా ఆ గేటు దగ్గర నిలబడ్డాను, ఎవరైనా తెలుగు మాట్లాడతారేమోనని. మెట్టెలు చూశాను. తప్పే. చెప్పకుండా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. చెప్తే మీరు రారని భయపడ్డాను."

అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో ఏటేటా మా నాయనమ్మకి ఇదే వంట చేస్తారు. ఇదే నువ్వుల పచ్చడి, ఇవే గారెలు. తిన్నవాళ్ళు లేచేదాకా మా తాత పచ్చి మంచినీళ్ళు ముట్టుకునేవాడు కాదు. వడ్డించిన కంచం ముందు కూర్చుని ఇది తెలుసుకోలేకపోయాను, ఎందుకంటే నేను వెతుకుతున్నది వేరొకటి. ఆయన ఏదో దాస్తున్నాడని పసిగట్టినందుకు నాలో ఎక్కడో ఒక మూల గర్వం కూడా ఉండింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మా ఆవిడ ఆ రోజు జీన్సు వేసుకుంది. కొంగు లేదు. మెడలోని చున్నీ తీసి భుజాల మీద కప్పుకుని, దాని అంచు రెండు చేతులతో పట్టి ఆయన ముందు నిలబడింది. ఆయన అందులో చీర పెట్టాడు. బొట్టు పెట్టుకోమని కుంకుమ భరిణె అందించాడు. ఆమె వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

"తృప్తిగా తిన్నాను బాబాయిగారూ. గారెలు మా అమ్మ కూడా ఇంత బాగా చెయ్యదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను క్షమించమన్నాను. ఎలా అన్నానో గుర్తు లేదు, రెండు మూడుసార్లు అన్నట్టున్నాను. "పర్వాలేదు బాబూ, కొత్తచోట జాగ్రత్త ఉండాలి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇద్దరికీ గారెలు పొట్లం కట్టి ఇచ్చాడు, రైల్లో తినమని.

గుమ్మం దగ్గర మా ఆవిడ ఆగింది. "మీ ఫోన్ నంబరివ్వండి బాబాయిగారూ. వచ్చే ఏడు తిథి ఎప్పుడో చెప్పండి, నేనే వస్తాను. ముందురోజే వచ్చి వంటలో సాయం చేస్తాను. మధ్యలో కూడా ఒకసారి వస్తాను, ఊరికే, మిమ్మల్ని చూడ్డానికి."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నా వైపు చూడలేదు.

"వద్దు తల్లీ. వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకుంటాలే. మీ ఇంట్లో గొడవలవుతాయి."

తలుపు మెల్లగా వేసుకున్నాడు. మేము మూడంతస్తులు దిగాం. నేను పొట్లం పట్టుకుంటానంటే ఆమె ఇవ్వలేదు. వీధిలోకి వచ్చాక, చీరని గుండెకి అదుముకుని, కోపం లేని గొంతుతో అంది.

"దొరికిందండీ ఇల్లు. రెండు గంటలు ఉన్నానందులో."