గవర్నరు ఒక్కసారే అడిగాడు

లవాన్ ఎస్కెల్సన్ చెయ్యి వణుకుతోందని ముందుగా బయటపడింది ఆవిడ ఒకటో తరగతి పిల్లల కాగితాల్లో. బోర్డు మీద టీచరు ఎలా రాస్తే పిల్లలు అలాగే దింపుకుంటారు కదా. ఆ ఏడు ఏ పిల్ల కాగితం చూసినా అక్షరాలన్నీ అలల్లాగా వంకర్లు పోయి ఉన్నాయి. తల్లులు చూసి ముచ్చటపడ్డారు. లవాన్ మాత్రం ఆ కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత బడి వంటగదిలోకి వచ్చి, "ఆర్డిస్, నేనింక మానెయ్యాలే" అంది.

ఆ ఆర్డిస్‌ని నేనే. నార్డెల్ అనే మా ఊరి బళ్ళో వంటమనిషిని. లవాన్ చిన్న తరగతులు మూడింటికీ ఒకే గదిలో పాఠాలు చెప్పేది. ఊళ్ళో సగం మందికి చదవడం నేర్పింది ఆవిడే. మా పెద్దాడికి కూడా నేర్పిందంటే ఎంత ఓపికో చూసుకోండి. ఎవడైనా కిటికీ అద్దం పగలగొడితే "పోనీలే, గాలి వస్తుంది" అనే రకం. ఆ నెమ్మదితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఇంట్లో కూర్చోకపోతే నాకు తోచేది కాదు.

మానెయ్యాలంటే మానేసి పోవచ్చు, కానీ ఆవిడ జాగాలోకి ఎవరొస్తారు? శిక్షణ పట్టా ఉన్న టీచరు లేకపోతే చిన్న తరగతులు మూసేస్తారు. మూసేస్తే ఆరేళ్ళ పిల్లలు తెల్లారకముందే బస్సెక్కి, గంటకు పైగా ప్రయాణం చేసి జిల్లా ఊరికి పోవాలి. చలికాలంలో మా మైదానంలో గాలి లేచిందంటే ముందున్న రోడ్డు కూడా కనపడదు. అది తలుచుకుంటే చాలు, లవాన్‌కి తిండి సహించేది కాదు.

ఉన్న ఒక్క ఆశా మారిట్ లుండే. ఊరి చివర పాల డెయిరీ వాళ్ళ అమ్మాయి, లవాన్ దగ్గరే అక్షరాలు దిద్దిన పిల్ల. నది ఒడ్డున ఉన్న ప్రభుత్వ కాలేజీలో టీచరు శిక్షణ చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. పట్టా చేతికి రాగానే నార్డెల్‌కే వస్తానని మాటిచ్చింది. ఆ ఏడాది ఎలాగోలా నెట్టాలని లవాన్ కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమి పట్టుకుని బోర్డు మీద రాసేది.

అంతలో ఆ కాలేజీలో టీచరు శిక్షణ విభాగం ఎత్తేస్తారట అని పుకారు పుట్టింది. అదే శరత్కాలంలో గవర్నరు మా ఊరు వస్తున్నాడని కబురొచ్చింది. గవర్నరుని ఎన్నుకునేది మేమే, మరుసటి ఏడు ఎన్నికలు, రాక ఏం చేస్తాడు? చర్చి కింద గదిలో కాఫీ, పుల్లటి కాడలు కూరి చేసే రూబార్బ్ పై అనే తీపి వంటకం ఏర్పాటు చేశాం. వారం నుంచీ అందరూ లవాన్ చెవిలో ఇల్లు కట్టుకున్నారు. నువ్వే చెప్పాలి, నీ మాటంటే విలువ, ఆ విభాగం తీసెయ్యొద్దని చెప్పు అని. నేనైతే ఆవిడ చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను కూడా.

తీరా వచ్చాక చూస్తే గవర్నరు చెడ్డవాడేం కాదు. నగరంలో పుట్టి పెరిగినవాడు, మాట తీరు బాగుంది, రూబార్బ్ పై రెండు ముక్కలు తిన్నాడు, అందులో ఒకటి నేను చేసింది. తిన్నగా లవాన్ పక్కనే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ రెండు చేతులూ బల్ల కింద దాచుకుంది.

"మేడమ్, మీ బడికి ఏమన్నా కావాలా? నావల్ల అయ్యేదుంటే చెప్పండి" అని అడిగాడాయన.

లవాన్ నవ్వింది. "అబ్బే, మాకేం లోటండీ. బాగానే నడుస్తోంది" అంది.

మాలో ఎవరైనా ఆ మాటే అంటారు. మా ఇళ్ళలో కాఫీ పొయ్యమంటారా అని అడిగితే మొదటిసారి వద్దంటాం. రెండోసారి అడిగితే మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారి అడిగితే, సరే అరకప్పు పొయ్యండి అని నిండు కప్పు తాగుతాం. అడిగేవాళ్ళకూ తెలుసు, తాగేవాళ్ళకూ తెలుసు. చికాగో నుంచి వచ్చిన మా చిన్నకోడలు తన ఇంట్లో భోజనానికి పిలిచి, ఒక్కసారి అడిగి గిన్నె లోపల పెట్టేసింది. మా ఆయన ఆ పూట కడుపు మాడ్చుకుని ఇంటికొచ్చాడు. లవాన్ కూడా అలాగే, రెండోసారి అడుగుతాడని సగం నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన ఆవిడ భుజం తట్టి, సంతోషం మేడమ్ అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద లవాన్‌ని దొరకబుచ్చుకుని నిలదీశాను. మళ్ళీ అడుగుతాడనుకున్నానంది. వెంటపడి చెప్పొచ్చుగా అంటే, పెద్దమనిషి తింటుంటే ఎలా వెళ్ళేదంది. ఇంక ఆవిణ్ణి ఏమనగలను? ఆ జాగాలో నేనున్నా నా నోరూ పెగిలేది కాదేమో.

జనవరిలో గవర్నరు శాసనసభలో ఏటా చేసే ప్రసంగం వస్తుంటే వంటగదిలో రేడియో పెట్టాను. లవాన్ పిల్లలకి పాల గ్లాసులు పట్టుకెళ్ళడానికి వచ్చి నిలబడింది. చదువుల కోసం తాను ఏం చేశాడో వరసగా చెప్పుకొచ్చాడు. ప్రతి బడికీ కంప్యూటర్లు ఇచ్చాడట. పెద్ద విశ్వవిద్యాలయానికి కొత్త ఇంజనీరింగు భవనం కట్టించాడట. అవి అబద్ధాలు కావు, కంప్యూటర్లు మాకూ వచ్చాయి. టీచర్లే రాలేదు. తర్వాత గొంతు కాస్త తగ్గించి, చిన్న ఊళ్ళ బళ్ళు పడిపోతున్నాయని కొందరు భయపెడుతున్నారనీ, నార్డెల్‌లో ఎన్నో ఏళ్ళుగా పాఠాలు చెప్తున్న టీచరమ్మని తాను స్వయంగా అడిగాననీ, ఏ లోటూ లేదని ఆవిడే చెప్పిందనీ అన్నాడు. అందుకని టీచరు శిక్షణ మొత్తం నగరంలోనే ఒక్కచోట పెడితే దండగ ఖర్చు పోతుందన్నాడు.

లవాన్ పాల గ్లాసుల పళ్ళెం కింద పెట్టలేక పెట్టింది. "నా నోటితో ఆ మారిట్ చదువు ఊడగొట్టారే" అంది. ఆ రోజు నుంచీ ఆవిడకి నిద్ర లేదు. నగరంలో ఉంచి చదివించే స్తోమత మారిట్ అమ్మానాన్నలకి లేదని ఊరందరికీ తెలుసు. మారిట్ ఫోన్ చేస్తే తీసేది కాదు, ముఖం చెల్లక. బోర్డు దగ్గర చెయ్యి మరీ వణికిపోతుంటే అక్షరాలకు బదులు బొమ్మలు అతికించేది.

ఫిబ్రవరిలో ఆ ఖర్చుల మీద శాసనసభ కమిటీ జనం మాట వింటుందని తెలిసింది. వెళ్దాం పద అన్నాను. ఈసారి వద్దనలేదు. దారి పొడుగునా మంచు గీతలు గీతలుగా రోడ్డు మీద పాకుతుంటే, పక్క సీట్లో ఆవిడ చెప్పాల్సింది గొణుక్కుంటూనే ఉంది. రాజధాని చేరేసరికి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెనక్కి తిప్పేద్దామా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అడిగితే తిప్పమంటుందని భయం.

పేరు పిలిచారు. ఆవిడ మైకు ముందు నిలబడి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, దాచుకోలేదు. అవి ఊగుతుంటే ముందు వరసలోవాళ్ళు చూపు తిప్పుకున్నారు.

"గవర్నరు గారు చెప్పిన ఆ టీచర్ని నేనేనండి" అంది. "మాకు లోటుంది. నేనింక పాఠాలు చెప్పలేను. నా తర్వాత వచ్చే పిల్ల ఆ కాలేజీలోనే చదువుతోంది, అది మూసేస్తే మా బడి మూతపడుతుంది. ఆ రోజే ఎందుకు చెప్పలేదంటారేమో. ఆయన ఒక్కసారే అడిగారండి."

ముందుగా కమిటీ పెద్ద నవ్వాడు. ఆయనది మా పక్క జిల్లాయే, ఈ వరస ఆయనకి తెలియకపోదు. ఆ వెనక గది గదంతా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, ముద్దు నవ్వు. మా అమ్మమ్మా ఇంతేనమ్మా అన్నాడాయన. ఇంకెవరో గవర్నరుకి మా మర్యాదలు నేర్పాలన్నారు. మళ్ళీ నవ్వులు. అంతలో ఆవిడ సమయం అయిపోయింది, ఎంతో ఆప్యాయంగా ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచారు. మర్నాడు పేపర్లో కూడా 'ఒక్కసారే అడిగారండి' అన్న ముక్కే వచ్చింది, అందరూ నవ్వుతున్న బొమ్మ పక్కన. కాలేజీ ఊసు లేదు. ఆ పేపరు నేను పొయ్యిలో పెట్టాను. నాకు ఇప్పటికీ ఆ నవ్వు మీద ఉన్నంత కోపం గవర్నరు మీద లేదు.

మార్చిలో ఓటు పెట్టి ఆ విభాగం తీసేశారు.

మంచు కరగడం మొదలైన రోజుల్లో మారిట్ లవాన్ ఇంటికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. పక్క రాష్ట్రంలో ఒక పెద్ద ఊరి బడివాళ్ళు మిగిలిన ఏడాది తామే చదివిస్తామన్నారట, చదువయ్యాక అయిదేళ్ళు అక్కడే పనిచెయ్యాలట. అదంతా చెప్పి, ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్టా లేకపోయినా పిల్లల్ని చూసుకునే సహాయకురాలిగా ఇక్కడే చేరతాననీ, మీరు ఇంకొన్నాళ్ళు ఉంటే ఎలాగోలా గడుస్తుందనీ అంది.

"ఉండిపోమంటారా టీచర్?"

"వద్దు" అంది లవాన్.

"నాకేం ఇబ్బంది లేదు టీచర్, ఉంటాను."

"వద్దమ్మా, నీ చదువు పాడవుతుంది."

మారిట్ మా ఊరి పిల్లే. మూడోసారి కూడా అడిగింది. లవాన్ కళ్ళు కిటికీలోంచి బడి కప్పు మీదికి పోయాయి. ఉండవే అని నేను అరవబోయాను.

"నువ్వుంటే మాకు మంచిది" అంది లవాన్. "నీకు మంచిది కాదు. వెళ్ళు తల్లీ."

వేసవిలో చిన్న తరగతులు మూసేశారు. లవాన్ మానేసింది. నవంబరులో గవర్నరు మళ్ళీ గెలిచాడు, మా ఊళ్ళోనూ ఎక్కువ ఓట్లు ఆయనకే.

ఇప్పుడు సాయంత్రమైతే లవాన్ పోస్టాఫీసు ముందు నిలబడుతుంది, జిల్లా ఊరి బస్సులోంచి పిల్లల్ని దింపుకుని, తల్లులు పనుల్లోంచి వచ్చేదాకా చూసుకోవడానికి. మొన్న డిసెంబరులో గాలి లేచింది. బస్సు రాలేదు. డ్రైవరు ఫోన్ పలకలేదు. నేను కోటు వేసుకుని వెళ్ళేసరికి ఆవిడ ఆ తెల్లటి గాలిలోకి చూస్తూ పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి అంటోంది, హాజరు పిలిచినట్టు. కాళ్ళు తిమ్మిరెక్కి ఇక ఎవరినైనా పంపిద్దాం అనుకుంటుంటే దీపాలు కనిపించాయి. అందరూ దిగారు. ఆఖర్న దిగింది ఒకటో తరగతి పిల్ల సిగ్నె, నిద్రలో తడిసిన బట్టలతో. లవాన్ తన కోటు విప్పి దానికి చుట్టింది. బొత్తాలు పెట్టబోతే వేళ్ళు నిలవడం లేదు, నేను పెట్టాను.

"రేపు కూడా వెళ్ళాలా?" అని అడిగింది ఆ పిల్ల.

వెళ్ళాలి తల్లీ అని చెప్పి, లవాన్ దాన్ని ఎత్తుకుంది.