కాస్త ఎడమకి

మా ఆయన కాలవల శాఖలో సర్వేయరు. ఉద్యోగమంతా డెల్టా కాలవ గట్ల మీదే గడిచింది. మూడుకాళ్ల స్టాండు మీద లెవెల్ యంత్రం పెట్టి, ఒక కన్ను మూసి, దూరంగా కొలకర్ర పట్టుకుని నిలబడ్డ మనిషికి చెయ్యి ఊపుతూ "కాస్త ఎడమకి, ఇంకాస్త, ఆఁ చాలు" అనడం ఆయన పని. పెళ్లయిన కొత్తలో చల్లపల్లిలో ఉన్నప్పుడు ఒకసారి క్యారేజీ పట్టుకెళ్లి ఆ తతంగమంతా చూశాను. ఎండలో కర్ర పట్టుకున్నతని మీద జాలేసింది. తర్వాత ఇంట్లో ఆ ఉద్యోగం నాకే వచ్చింది. గోడకి క్యాలెండరు తగిలిస్తే కాస్త ఎడమకి. బీరువా జరిపితే కాస్త ఎడమకి. "మీకు కుడివైపు ప్రపంచం లేదా?" అని విసుక్కునేదాన్ని.

రిటైరయ్యాక ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది ఒక్కటే, ఆకాశం చూసే పెద్ద బైనాక్యులర్. క్రికెట్ చూడ్డానికి మెడలో వేసుకెళ్లే రకం కాదు. ఒక్కో గొట్టం నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే రెండు నిమిషాల్లో రెక్కలు లాగేస్తాయి, చుక్కలు గజగజలాడతాయి. అందుకని పాత సర్వే స్టాండు ఒకటి సంపాదించి దాని మీద బిగించారు.

పటమటలో మేముండేది ఒక మేడ మీద పై వాటా. రెండు గదులు, తలుపు తీస్తే డాబా అంతా మాదే. చీకటి పడగానే ఆయన డాబా మీద, నేను లోపల కుట్టుమిషను దగ్గర. బళ్లో కుట్లూ అల్లికలూ నేర్పే టీచరుగా రిటైరయ్యాను నేను, ఆ తర్వాత జాకెట్లు కుట్టడం పెట్టుకున్నాను. "ఇదిగో టీచరుగారూ, ఒక్కసారి ఇలా రా, గురుడి పక్కన చుక్కలు చూపిస్తా" అని పిలిచేవారు. వెళ్లి చూసి, బాగుందని చెప్పి, మళ్లీ మిషను దగ్గరికి వచ్చేసేదాన్ని. ఎవరి లోకం వారిది. దానికి ఆయనా బాధపడలేదు, నేనూ బాధపడలేదు.

ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది. కర్ర పట్టుకుని కుడికాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. మెడ పక్కకి వంచలేకపోయేవారు. మాట మాత్రం మిగిలింది. అదే పదివేలు, దేవుడికి స్తోత్రం అన్నారు చర్చివాళ్లు. నేనూ స్తోత్రం అన్నాను గానీ, నా లోపల ఉన్నది కోపం.

చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోలేక రోజూ పొద్దున కిటికీ వైపు తిరిగి నిలబడి అవస్థ పడేవారు. నేను పెడతానంటే ఒప్పుకునేవారు కాదు. చూసి చూసి, చొక్కాలన్నిటికీ గుండీల చోట నొక్కితే పడే బటన్లు కుట్టాను. పాత గుండీలు పైకి కనిపించేలా అలాగే ఉంచాను, చర్చికి వెళ్తే ఎవరికీ తేడా తెలియకూడదని. ఆయన ఒక్కో చొక్కా తిప్పి చూసి మడత పెట్టమన్నారు. ఆ పూట అన్నం సహించలేదు ఆయనకి.

వర్షాలు వెనకపట్టి ఆకాశం తేటపడ్డాక డాబా మీదికి వెళ్తానన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడక్కుర్చీలో కూర్చోబెట్టి, స్టాండు ఎత్తు తగ్గించి, బైనాక్యులర్ కళ్ల దగ్గరికి తెచ్చాను. కూర్చుని కళ్లు ఆనించడం వరకే ఆయన వల్ల అయ్యేది. ఆ బైనాక్యులర్‌తో చిక్కేమిటంటే, అది చూపించేది ఆకాశంలో చిన్న ముక్క. చెయ్యి చాచి రెండు వేళ్లు అడ్డం పెడితే ఎంత కప్పుతుందో అంతే. దాన్ని కావలసిన చుక్క మీదికి తిప్పాలంటే వెనక నుంచి వంగి, గొట్టం వెంబడి గురిచూస్తూ, రెండు చేతులా కదపాలి. అందులోనూ మా ఊరి ఆకాశం దుమ్మూ లైట్ల వెలుగూ. ఆయనకి ఎంతో ఇష్టమైన కృత్తికలు ఉత్త కంటికి ఒక మసక మచ్చ. ఆ రోజు గంటసేపు వెతికాను. ఆయన తల అడ్డం, నా నడుము నొప్పి. ఆయనకి ఒక్క చుక్క చూపించలేకపోయాను. "పోనీలే, నల్లటి ఆకాశం కూడా బాగానే ఉంది" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

గురి చూడ్డానికి ఒక ఏర్పాటు చెయ్యాలనుకున్నాను. ఆయన తల అడ్డం రాకుండా ఎడమపక్కకి ఒక చెక్క చెయ్యి సాచి ఉండాలి, దాని చివర గురి ఉండాలి. నేను అందులోంచి చూసి తిప్పాలి, ఆయన కళ్లు ఆనించి ఉండగానే చుక్క వచ్చి ఎదురుగా నిలవాలి. తర్వాత నేను లోపలికి వెళ్లి నా పని చూసుకోవాలి. ఈ చివరి ముక్క చదివి నాది రాతిగుండె అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఇంట్లో జబ్బుపడ్డ మనిషి ఉంటే పని రెట్టింపవుతుంది, జాకెట్టు కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడే ఉంటారు.

మొదట నా పాత గాజొకటి ముందుపెట్టి, వెనక ఒక సూది నిలబెట్టాను. పగలు భేషుగ్గా ఉంది. చీకటి పడితే గాజూ లేదు, సూదీ లేదు. ఆటోనగర్‌లో లారీల నెంబరు ప్లేట్లకి అతికించే రేడియం స్టిక్కరు తెచ్చి చుక్కలు కత్తిరించి అంటించాను. అవి వాటంతట అవి వెలగవట, లైటు పడితేనే మెరుస్తాయట. ఆయన చూసి "మన బండి వెనక ఎవరూ గుద్దకుండా బాగుంది" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వు కూడా ఒకవైపే వచ్చింది. లేజరు పెడితే సరిపోతుందని షాపులో చెప్పారు గానీ ఆయన పడనివ్వలేదు. గన్నవరంలో దిగే విమానాలు మా నెత్తి మీదుగానే పోతాయి, ఆ వెలుగు పైలట్ల కళ్లలో పడుతుందట.

చివరికి కరెంటు వైర్లు పోయే ప్లాస్టిక్ గొట్టం జానెడు ముక్క తీసుకున్నాను. నా మంగళగిరి చీర అంచులోంచి జరీపోగు లాగి, గొట్టం ముందు మూతికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కట్టాను. బొమ్మకారులోంచి తీసిన చిన్న ఎర్రబల్బు పక్కన పెడితే ఆ వెలుగుకి జరీ సన్నగా మెరిసింది. చీకట్లో ఎర్రటి కూడిక గుర్తు. గొట్టం ఒక చివర చెక్క చేతికి వేసిన కీలు మీద తిరుగుతుంది, నడుమ ఒక రేకులోంచి దూర్చిన బోల్టు. వేళ్లతో బోల్టు తిప్పితే గొట్టం ముక్కు పక్కకి జరుగుతుంది. నేను నిలబడే వైపు ఉంటే కొంగు తగిలి కదులుతుందని, బోల్టు తల కుర్చీ వైపుకి పెట్టాను.

పగటిపూట, ఎక్కడో దూరంగా ఉన్న సెల్‌టవరు కొసని బైనాక్యులర్ నడుమకి తెచ్చి, గొట్టంలో జరీ పోగులు కలిసే చోట కూడా అదే కొస కనిపించేదాకా బోల్టు తిప్పాను. ఆయన కుర్చీలోంచి చూసి సరే అన్నారు. "ఇప్పుడు బోల్టు తల మీద నుంచి రేకు మీదికి రంగుతో ఒక గీత గియ్యి. మా యంత్రాలకి అలాగే గీసేవాళ్లం. ఎవరన్నా వేలు పెట్టి కదిపితే గీత తెగి పట్టిచ్చేస్తుంది" అన్నారు. ఎర్ర గోళ్లరంగుతో గీశాను.

మొదటి రెండు సాయంత్రాలు నేను గొట్టంలో చూసి పెట్టగానే ఆయన "వచ్చాయి" అన్నారు. పాడు బతుకులో ఒక్క పని కుదిరిందని సంబరపడి లోపలికి వెళ్లి మిషను తొక్కాను. మూడో సాయంత్రం పెట్టి వెళ్లబోతుంటే "ఆగు, కాస్త ఎడమకి" అన్నారు. జరిపాను. "ఇంకాస్త. ఆఁ, చాలు." ఆకాశం తిరిగి ఆ చుక్కలు జరిగిపోయాక మళ్లీ గొట్టంలో చూసి పెడితే మళ్లీ ఎడమకి. గురుడి మీద పెట్టినా ఎడమకి. మర్నాడూ అంతే.

"మొన్న సరిగ్గానే ఉంది కదండీ?" అన్నాను.

"చలికి గొట్టం ముడుచుకుంటుంది. మా నేల కొలిచే గొలుసులు ఎండాకాలం సాగేవి కావూ? అంతే."

"అయితే రేపు పగలు మళ్లీ సరిచేస్తాను."

"ఎందుకూ, మళ్లీ రాత్రికి ముడుచుకుంటుంది. చెప్పడానికి నేనున్నాగా."

సర్వేయరు చెప్పాక కాదనేదేముంది? ఆ చలికాలమంతా ఆయన ఎడమపక్కన నిలబడ్డాను. తర్వాత ఒక స్టూలు వేసుకున్నాను. కాజాలు కుట్టడం, హుక్కులు వెయ్యడంలాంటి చేతిపని తెచ్చుకుని, ఎర్రబల్బు వెలుగులోనే సగం చూపుతో సగం తడుముడుతో కుట్టేదాన్ని. "కాస్త ఎడమకి" అంటే సూది నోట్లో పెట్టుకుని లేచేదాన్ని. మధ్యమధ్య ఆయన కబుర్లు చెప్పేవారు. కాలవలకి నీళ్లు కట్టేసిన రోజుల్లో అడుగున నడుస్తూ దొరికిన ఇత్తడి చెంబు, కర్ర పట్టుకునే మనిషి ఎండకి కళ్లు తిరిగి పడిపోతే తన గొడుగు ఇచ్చిన సంగతి. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే "నువ్వెప్పుడు కూర్చున్నావని?" అన్నారు, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

జూలైలో వానల్లో మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి మాట కూడా తీసుకుపోయింది. ఆస్పత్రిలో నా వైపు చూస్తూ ఎడమచేతి వేళ్లు కదిపేవారు, నీళ్లేమో అని నీళ్లు పట్టేదాన్ని. వారం తిరక్కుండా పోయారు. జ్ఞాపకార్థ కూడిక మా డాబా మీదే పెట్టారు. షామియానా వెయ్యడానికి అడ్డమని స్టాండుని, దుప్పటి కప్పిందాన్ని కప్పినట్టే, మూలకి జరిపాను.

డిసెంబరులో మా ఆడపడుచు ఫోన్ చేసింది. చల్లపల్లి దగ్గర బళ్లో పనిచేస్తుంది. "వదినా, అన్నయ్య బైనాక్యులర్ ఊరికే పడుంటుంది కదా, మా పిల్లలకి చూపిస్తాను. ఇస్తావా?" అంది. ఇస్తానన్నాను. ఉంచుకుని చేసేదేముంది? కాకపోతే, కొలత తప్పిన జాకెట్టు నేనెప్పుడూ గడప దాటించలేదు. గురి తప్పిన గొట్టం పంపడం ఇష్టం లేక, సరిచేద్దామని ఒక మధ్యాహ్నం దుప్పటి తీసి కుర్చీ వైపు వెళ్లి వంగాను.

ఎర్ర గీత తెగి ఉంది. బోల్టు తల మీది ముక్క ఒకవైపు, రేకు మీది ముక్క ఒకవైపు.

బోల్టు తల చుట్టూ వేళ్ల మురికి పట్టింది. మెల్లిగా వెనక్కి తిప్పాను. ముప్పావు చుట్టు తిరిగాక గీత గీతతో కలిసింది. సెల్‌టవరు కొస మీద పెట్టి చూశాను. జరీ పోగులు కలిసే చోట కొస ఉంది, బైనాక్యులర్ నడుమా కొస ఉంది. నా పనిలో తప్పు లేదు. గొట్టం ఏ చలికీ ముడుచుకోలేదు. నేను లోపల ఉన్నప్పుడు, చొక్కా గుండీ పెట్టుకోలేని ఆ ఎడమచేత్తో, ఆయనే తిప్పి గురి తప్పించారు. నేను పెట్టేసి వెళ్లిపోకుండా.

నాకు మొదట వచ్చింది కోపమే. ఖాళీ కుర్చీని పట్టుకుని పైకే అన్నాను. "అడగొచ్చు కదండీ. నా పక్కన కూర్చో అని ఒక్క మాట అడిగితే కూర్చునేదాన్ని కదా." రెండు రోజులు కూర్చునేదాన్నేమో, మూడో రోజు జాకెట్టు అర్జంటని లేచిపోయేదాన్ని. అది ఆయనకి తెలుసు. గీత తెగితే పట్టిచ్చేస్తుందనీ తెలుసు, ఆ సంగతి నాకు చెప్పిందే ఆయన. నేనెప్పుడో ఒకప్పుడు చూస్తాననే ఉండనిచ్చారో, అంతదూరం ఆలోచించలేదో, ఇక అడగడానికి మనిషి లేడు. కుర్చీలో కూర్చుని, ఆయన పోయినప్పుడు ఏడవనంత ఏడ్చాను.

ఆ తర్వాత బోల్టుని మళ్లీ ఆయన ఉంచిన చోటికే తిప్పాను. ఎడమచేత్తోనే తిప్పాను, ఎంత కష్టమో చూద్దామని. కష్టమే. వేళ్లు జారాయి, గోరు విరిగింది. తిప్పాక, ఆయన తెంచిన గీత మీద కొత్తగా గోళ్లరంగు వేసి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. ఆడపడుచుకి ఫోన్ చేసి, ఈ చలికాలం నా దగ్గరే ఉండనీ అమ్మా అన్నాను. సరే వదినా అంది.

ఆ సాయంత్రం కృత్తికలు పైకి వచ్చాక ఎర్రబల్బు వెలిగించి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, గొట్టంలోంచి ఆ మసక మచ్చని జరీ పోగుల నడుమకి తెచ్చాను. తర్వాత కాస్త ఎడమకి జరిపాను. ఇంకాస్త జరిపాను. ఎంత జరిపితే చాలో నాకు తెలియదు. ఆ మాట ఎప్పుడూ ఆయనే చెప్పేవారు.