వెండిరంగు లాప్‌టాప్‌కు నేను రాసిన సిఫార్సు

అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో నేను పనిచేసిన కంపెనీ ఇళ్లకు నర్సులను పంపేది. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవాళ్లు, షుగర్ ముదిరిన పెద్దవాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఉండే ఇళ్లవి. నర్సు కార్లో వెళ్లి, బీపీ చూసి, కట్టు మార్చి, వివరాలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించి తర్వాతి ఇంటికి బయలుదేరేది. ఆ లాప్‌టాప్‌ల బాగోగులు చూసే పని నాది. 2012లో అవన్నీ పాతవి, మోయలేనంత బరువువి. వాటి సంచీ తగిలించుకుని తిరిగి తిరిగి నర్సులందరికీ భుజాల నొప్పులే.

వాళ్లలో ఒకావిడ ఖమ్మం వైపు నుంచి వచ్చిన తెలుగావిడ. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ చెల్లె అనేది. ప్లేనో వచ్చిన కొత్తలో నాకు కారు నడపడం నేర్పింది ఆవిడే. ఆదివారాలు ఖాళీగా ఉన్న స్కూల్ పార్కింగ్‌లో పక్క సీట్లో కూర్చుని, నేను ఎంత గట్టిగా బ్రేక్ తొక్కినా ఒక్క మాట అనేది కాదు.

ఆ వేసవిలో మా మేనేజర్ నా టేబుల్ మీద రెండు కొత్త లాప్‌టాప్‌లు పెట్టాడు. రెండూ సన్నవే, తేలికవే. ఒక్కోదాన్ని వారం చొప్పున వాడి చూడమన్నాడు. ఒకరిద్దరు నర్సుల చేత కూడా వాడించి, నర్సులందరికీ ఏది కొనాలో ఒక పేజీ రాసివ్వమన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఎంపికైన మోడల్ శాంపిల్‌ను నేనే ఉంచుకోవచ్చనీ, రెండోది తిప్పి పంపేయాలనీ చెప్పాడు.

ఒకటి నల్లది. చూడటానికి ఏ ప్రత్యేకతా లేదు. కీలు లోతుగా దిగేవి, నొక్కితే నొక్కినట్టు వేలికి తెలిసేది. స్క్రీన్ మీద మెరుపు లేదు. రెండోది వెండిరంగుది. మూసి పెడితే పలకంత ఉండేది. ఒక్క వేలితో మూత ఎత్తితే చాలు, అంతకుముందే మేలుకుని ఉన్నట్టు వెలిగేది. స్క్రీన్ అద్దంలా తళతళలాడేది. వంటింటి త్రాసు మీద రెండింటినీ తూచి చూశాను. వెండిదే తేలిక, అయితే ఆ తేడా ఒక కమలాపండంత. కాఫీ షాపులో దాన్ని తెరిచి కూర్చుంటే పక్క టేబుల్‌వాళ్లు ఓసారి తిరిగి చూసేవారు. నల్లదాన్ని ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి వెండిది నాదే అనిపించింది.

అక్కకు రెండూ ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత భోజనాల వేళ బ్రేక్‌రూమ్‌లో వాటిని నా ముందు పెట్టింది.

“ఎట్లున్నయ్ అక్కా?” అన్నాను, ఆవిడ యాసలోనే.

“బరువు లేదు, ఆ సుఖం రెండిట్లో ఉంది. కానీ ఈ వెండిదాని మీద టైప్ చేస్తుంటే బండ మీద కొట్టినట్టే ఉంది చెల్లె. కీ పడిందో లేదో తెలుస్తలేదు. పడలేదనుకుని మళ్లీ కొడితే రెండుసార్లు పడుతుంది. నా వేళ్లు చూడు.” చేతులు చాపింది. కీళ్ల దగ్గర వాపు కనిపిస్తోంది. “ఇంకోటి, కార్‌లో కూర్చొని నోట్స్ రాస్తం కదా, ఎండకు స్క్రీన్‌లో నా మొహం తప్ప ఏం కనిపిస్తలేదు. నల్లదే మంచిగుంది. అదే రాయి.”

“సరే అక్కా, రాస్తాను,” అన్నాను.

ఆ మధ్యాహ్నమే సిఫార్సు రాయడానికి కూర్చున్నాను. మొదట ఆవిడ చెప్పింది చెప్పినట్టే రెండు వాక్యాల్లో పెట్టాను. చదువుకుంటే నల్లదే గెలుస్తోంది. ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, “కొత్త కీబోర్డుకు అలవాటు పడటానికి కొందరికి కొంత సమయం పట్టవచ్చు” అని రాశాను. ఎండ సంగతి అసలు ఎత్తలేదు. బరువు, వేగం, అందం గురించి మాత్రం వివరంగా రాసి, వెండిదాన్ని సిఫార్సు చేశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదని నాకు నేను చెప్పుకున్నాను.

నెల తిరక్కుండానే నర్సులందరికీ వెండి లాప్‌టాప్‌లు వచ్చాయి. చాలామంది సంబరపడ్డారు. అక్క కారు మాత్రం మధ్యాహ్నాలు ఆఫీసు వెనక నీడలో ఆగి కనిపించేది. లోపల ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్కో కీ వెతికి నొక్కుతూ ఉండేది. నేను చేయి ఊపి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

సెప్టెంబర్‌లో ఒక పెద్దాయన ఇన్సులిన్ మోతాదు తప్పు పడింది. పన్నెండు అని ఎక్కించాల్సిన చోట ఒకటి రెండుసార్లు పడి నూటపన్నెండు అయింది. అవతల ఫార్మసిస్ట్ చూసి వెంటనే ఫోన్ చేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఎంట్రీ అక్క పేరు మీద ఉంది. లిఖితపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు.

అంతకుముందు మేనేజర్ నన్ను పిలిచి, ఆ మెషిన్‌లో ఏదైనా లోపం ఉందా చూడమన్నాడు. తెచ్చి పరీక్షించాను. ప్రతి కీ పనిచేస్తోంది. “మెషిన్‌లో ఏ ప్రాబ్లమ్ లేదు,” అని చెప్పాను. అప్పుడు ఇంకో మాట చెప్పాల్సి ఉంది. చెప్తే నా పేజీ బయటికి వస్తుంది. చెప్పకుండా వచ్చేశాను.

వారం తర్వాత అక్క ఇళ్లకు వెళ్లడం మానేసి, ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే పని అడిగి తీసుకుంది. నాలుగేళ్లుగా ఆవిడే చూస్తున్న ఆ పెద్దాయన ఫోన్ చేసి, కొత్త నర్సు వద్దు, ఆవిడనే పంపండని గొడవ చేశాడట. ఆ సంగతి విన్న మర్నాడు బ్రేక్‌రూమ్‌లో ఆవిడ ఒక్కతే ఉండగా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“అక్కా, నువ్వు చెప్పింది నేను రాయలేదు. నాకా లాప్‌టాప్ కావాలనిపించి...”

“తెలుసు,” అంది. టిఫిన్ డబ్బా మూత పెడుతూ, “నువ్వు రాసిన పేజీ అప్పుడే మా అందరికీ మెయిల్‌లో పెట్టిండ్రు. ఆ రోజే చదివిన.”

ఈ రెండు నెలల్లో ఆవిడ రెండుసార్లు నన్ను ఇంటికి భోజనానికి పిలిచింది. నేను వెళ్లి, తృప్తిగా తిని వచ్చాను.

“మరి నన్ను ఎందుకు అడగలేదక్కా?”

“ఏమని అడుగుతా? నీ ఇష్టం నువ్వు రాసుకున్నవ్. నన్ను అడగకుండ రాసి ఉంటే నాకు ఏం అనిపించకపోయేది. అడిగినవ్. వేళ్లు చూపించిన.” అంతే అని లేచి, డబ్బా కడుక్కోవడానికి సింక్ దగ్గరికి వెళ్లింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నేను నేరుగా మేనేజర్ గదికి వెళ్లాను. కొట్టేసిన రెండు వాక్యాలతో సహా అంతా చెప్పాను. ఆయన నేను చెప్పిందంతా మెయిల్‌లో పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత అడిగిన నర్సులకు విడిగా కీబోర్డులు, స్క్రీన్ మీద మెరుపు తగ్గించే ఫిల్ములు వచ్చాయి. అక్క ఫైల్లోంచి వార్నింగ్ తీసేశారు. నా శాంపిల్ వెనక్కి తీసుకోలేదు, దాన్ని ఉంచుకోవద్దని ఎవరూ అనలేదు. ఇంకో ఏడాదిన్నర దాని మీదే పనిచేశాను.

పాత పనికి తిరిగి రమ్మని కంపెనీ అక్కను అడిగింది. ఆవిడ వెళ్లలేదు. “ఎండల తిరుగుడు లేదు, ఫోన్ల దగ్గర హాయిగుంది,” అంది నాతో. నా బాధ తగ్గించడానికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు.